మా అమ్మ మూయనివ్వని తలుపు

మా పుట్టింట్లో ఏ తలుపుకీ గడియ ఉండేది కాదు. వీధి తలుపుకీ లేదు, పెరటి తలుపుకీ లేదు. నాన్న ఆ ఇల్లు కట్టించేటప్పుడు గడియలు ఎక్కడ బిగించమంటారని వడ్రంగి అడిగితే, అమ్మ బయటికి వచ్చి అసలు వద్దని చెప్పిందట. పరాయి మగవాడి ఎదుట నిలబడి మాట్లాడే మనిషి కాదు ఆవిడ. వడ్రంగి తెల్లబోయి నాన్న వైపు చూశాడట. నాన్న పైపంచెతో మొహం తుడుచుకుని, "వద్దంటోంది కదా, వదిలెయ్యవోయ్" అన్నాడట. అలా మా ఇంటికి తలుపులు వచ్చాయి గానీ అవి మూసుకునేవి కావు. ప్రతి తలుపుకీ ఒక రాయి అడ్డం పెట్టి ఉండేది.

ఊళ్ళో మా ఇంటిపేరు అందరూ మరిచిపోయారు. "గడియల్లేనోళ్ళ ఇల్లు" అంటే చాలు, ఎవరైనా దారి చూపించేవారు. మా పాలు రుచి చూడని పిల్లి మా ఊరి కాలవగట్టున లేదు. మేకలు వీధిలోంచి పెరట్లోకి మా నట్టింటి మీదుగా అడ్డదారిన నడిచేవి. దొంగలు మాత్రం ఎప్పుడూ రాలేదు. బార్లా తెరిచి ఉన్న ఇంట్లోకి దూరడానికి దొంగకి కూడా మొహం చెల్లలేదేమో. ఇదంతా చెప్పుకుని ఊరు నవ్వేది. నేనూ వాళ్ళతోపాటు నవ్వేదాన్ని. అందులో నవ్వాల్సింది ఏమీ లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అమ్మ ఎప్పుడూ నగ అడగలేదు, చీర అడగలేదు, తీర్థయాత్ర అడగలేదు. అడిగింది ఒక్కటే. తన మనుషులు లోపల ఉండగా తలుపు మూయొద్దని. ఆ ఒక్క కోరికా ఆవిడకి చెల్లిందా లేదా అన్నదే నేనిప్పుడు రాయబోయేది. నా నోరు మంచిది కాదని అత్తవారింట్లో నాకు పేరు. ఈ సంగతి రాసేటప్పుడు దాన్ని మంచి చేసుకునే ఉద్దేశం నాకు లేదు.

నేను పుట్టకముందు మావాళ్ళు ఆ ఊళ్ళో ఉండేవారు కాదు. గోదావరి సముద్రంలో కలిసే చోట, బాగా దిగువన, ఇసకమెరక మీద ఉన్న పల్లెలో ఉండేవారు. ఒక కార్తీకమాసంలో ఉప్పెన వచ్చి ఆ పల్లెని తుడిచిపెట్టేసింది. నాకన్నా ముందు పుట్టిన అన్నయ్య అందులో పోయాడు. అప్పటికి వాడికి ఇంకా మాటలు పూర్తిగా తిరగలేదట. అమ్మా, నాన్నని కన్న మామ్మా ఇద్దరూ బతికి బయటపడ్డారు. నాన్న ధాన్యం పడవ మీద రాజమండ్రి వెళ్ళి ఉండబట్టి దక్కాడు. పొలమంతా ఉప్పుబారిపోయింది. ఇక అక్కడ బతకలేమని, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కొత్తగా తవ్విన కాలవ పక్కన కాస్త మెరక చూసుకుని నాన్న ఇల్లు కట్టాడు. నేను అక్కడే పుట్టాను. చిన్నప్పుడు నాకు తెలిసింది ఇంతే. ఇంకా అడిగితే మామ్మ, "పనేం లేదేంటే నీకు, పోయి పూలు కట్టుకో" అనేది.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. మా వైపు తాటాకు ఇళ్ళు. గాలివాన పట్టిందంటే అందరూ మొదట చేసే పని తలుపు కట్టెయ్యడం. తలుపు మూసి, రోకలి అడ్డం వేసి, కొబ్బరితాడుతో బిగించి, ఆ తాడు కొసని ఇంటి నడుమ ఉండే నిట్టాడి స్తంభానికి ముడివేస్తారు. గాలి ఒకసారి లోపలికి జొరబడిందంటే కప్పు మొత్తాన్ని లేపుకుపోతుంది. తలుపు నిలిస్తే ఇల్లు నిలుస్తుంది. పాలు మరిగేటప్పుడు పొయ్యి దగ్గరే నిలబడాలన్న సంగతి ఎంత మామూలో, మావాళ్ళకి ఇదీ అంతే మామూలు.

మా ఇంట్లో మాత్రం గాలివాన రోజున అమ్మ రెండు తలుపులూ బార్లా తీసి పెట్టేది. గాలి ఇటు నుంచి వచ్చి అటు పోయేది. మా నాలుగు గదులకీ పెంకులు ఎగిరిపోయేవి, వంటపాక కప్పు చెదిరిపోయేది, పొయ్యిలో వాననీళ్ళు నిలిచేవి. మామ్మ మూలన గోనెపట్టా కప్పుకుని కూర్చుని తనలో తనే అనుకుంటూ ఉండేది. "కట్టాలి. గాలొస్తే తలుపు కట్టాలి. మా అత్తగారూ కట్టేది, ఆవిడ అత్తగారూ కట్టేది." ఎవరూ ఆవిణ్ణి ఏమీ అడిగేవారు కాదు. అయినా వాన తగ్గేదాకా ఆ మాటే చెప్పేది.

అమ్మకి ముడులు కూడా గిట్టేవి కావు. నా జడ ఎప్పుడూ వదులుగానే ఉండేది, బడికి సగం దూరం వెళ్ళేసరికి ఊడిపోయేది. దూడని తాడుతో కట్టనిచ్చేది కాదు. అది తెల్లవారకముందే తల్లి పాలన్నీ తాగేసి, మాకు మజ్జిగ నీళ్ళు మిగిల్చేది. మామ్మకి ఇవన్నీ ఒళ్ళు మండే సంగతులు. అయినా అత్తాకోడళ్ళు ఏనాడూ కేకలేసుకోలేదు. మామ్మ బయటికి వెళుతూ తలుపు రాయిని కాలితో పక్కకి తోసేది. అమ్మ లోపలికి వస్తూ దాన్ని తీసి మళ్ళీ అక్కడే పెట్టేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రాయి అలా తిరుగుతూనే ఉంది.

నేను పరికిణీలు కట్టే వయసులో ఉండగా ఒక రోజు పక్కింటి పిల్లలు ఆటల్లో ధాన్యం కొట్టు తలుపు ధడాలున లాగేశారు. అమ్మ లోపల బియ్యం చెరుగుతోంది. తలుపు చెక్క వానకి ఉబ్బి ఉండటంతో కాసేపు రాలేదు. అంతే, ఎంతోసేపు కాదు. తీసేసరికి అమ్మ నేల మీద పడి ఉంది. ఊపిరి అందడం లేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు. తర్వాత చాలా రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు మామ్మ నిర్ణయించింది, దిగువ ఊరి దయ్యం ఏదో కోడలి వెంట పడి వచ్చిందని. పట్టిసీమ వీరభద్రుడికి మొక్కుకుంది. అది చాలదని ఏటి అవతల నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించింది.

ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, తీరిగ్గా అడిగాడు. "ఈవిడ దేనికి బెదురుతారండీ?"

"మూసిన తలుపుకి, బాబూ" అంది మామ్మ.

"బెదిరేది ఈవిడ కాదండి. ఈవిడ లోపలున్నది బెదురుతోంది. దానికి ఏది గిట్టదో అదే చెయ్యాలండి. తలుపు మూసి పొగ పెడితే అదే దిగిపోతుందండి."

అంత తెలివి. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు భగ్గుమంటుంది. కాలిన చెయ్యి నిప్పుకి బెదురుతోందని, దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ పొయ్యిలో పెట్టమన్నట్టు ఉంది. కానీ ఆ రోజు అరుగు మీద ఉన్న పెద్దవాళ్ళలో ఒక్కరికి కూడా అది తప్పనిపించలేదు. నాన్నకి అనిపించిందేమో తెలియదు. ఆయన బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు. గాబు నిండి పొర్లిపోతున్నా తోడుతూనే ఉన్నాడు.

వడ్రంగిని పిలిపించి కొట్టు గదికి బయటవైపు గడియ బిగించారు. మా ఇంట్లో అదే మొదటి గడియ. మిట్టమధ్యాహ్నం అమ్మని లోపల కూర్చోబెట్టి, ఎండుమిరపకాయలూ సాంబ్రాణీ నిప్పుల మీద వేసి, గడియ పెట్టారు. అమ్మ మొదట మామూలుగానే పిలిచింది. "అత్తయ్యగారూ, తియ్యండి. తియ్యండి అత్తయ్యగారూ." తర్వాత అరిచింది. తర్వాత తలుపు కొట్టింది. నేను మామ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. మామ్మ చెయ్యి నా చేతి మీద బిగుసుకుపోయి ఉంది. కాసేపటికి లోపల చప్పుడు ఆగిపోయింది. "దిగిపోయిందండి" అన్నాడు భూతవైద్యుడు.

తలుపు తీస్తే గదిలో ఎవరూ లేరు. పొగ పైకి పోతోంది. కొట్టు గది కప్పు తాటాకుది. అమ్మ ధాన్యం బస్తాల మీదుగా ఎక్కి, ఆ తాటాకు చేతులతో చీల్చి, పైకి వెళ్ళిపోయింది. మేం పెరట్లోకి పరుగెత్తి చూస్తే కప్పు మీద బోర్లా పడుకుని ఉంది. వేళ్ళ నిండా నెత్తురు. చెవి తాటాకుకి ఆనించి, అరచేత్తో కప్పు మీద నెమ్మదిగా తడుతోంది, పాపని జోకొట్టినట్టు. "ఉండు నాన్నా, ఉండు. తీస్తున్నాగా. ఇదిగో తీస్తున్నా" అంటోంది.

నన్నే అంటోందనుకుని, "ఇక్కడున్నానమ్మా, కిందున్నాను" అని అరిచాను. నా మాట ఆవిడకి వినపడలేదు. పక్కకి తిరిగి చూస్తే మామ్మ మట్టిలో చతికిలబడి ఉంది. తలెత్తి కప్పు మీదకి చూస్తోంది. నాన్న నిచ్చెన వేసుకుని ఎక్కి, ఎంతో సేపు బతిమాలి, అమ్మని దించుకొచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఆ గడియని తనే గునపంతో పెకలించి కాలవలో పారేశాడు. మామ్మ ఆ తర్వాత దయ్యం మాట ఎత్తలేదు. తలుపు రాయిని మాత్రం తోస్తూనే ఉంది.

నాకు పెళ్ళయింది. అత్తవారిది రాజమండ్రి దగ్గర. మా అత్తగారు చెడ్డ మనిషి కాదు, పద్ధతి మనిషి. ఉప్పు ఏ చేత్తో వెయ్యాలో, కొప్పు ఏ వైపు తిప్పాలో అన్నీ ఆవిడకి తెలుసు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది కూడా పద్ధతే. కానీ మా ఇంటి సంగతి ఆవిడ చెవిన పడింది. "గడియల్లేని కొంపకి పురిటికి పంపుతామా? పచ్చిబాలింతరాలికి గాలి సోకితే ఎవరు దిక్కు?" అంది. నన్ను పంపలేదు. పుట్టింటికి అంతకన్నా తలవంపులు లేవు. అమ్మే కాలవ పడవ ఎక్కి మా అత్తవారింటికి వచ్చింది. అన్నేళ్ళలో ఆవిడ ఊరు దాటడం అదే మొదటిసారి.

వచ్చీ రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా పురిటిగది చూసింది. కిటికీ లేని గది. మందపాటి టేకు తలుపు, లోపల ఇనుప గడియ. గుమ్మంలోనే ఆగిపోయి నా వైపు తిరిగింది.

"నేను దీన్లోకి రాలేనే అమ్మడూ."

"రావద్దులే అమ్మా. బయటే కూర్చో."

"తలుపు పక్కనే ఉంటా. నువ్వు పిలిస్తే పలుకుతా. పలుకుతానే, ఎక్కడికీ పోను."

ఆ మాట పట్టుకునే నేను ఆ గదిలోకి వెళ్ళాను. నా భయమంతా కాన్పు గురించి కాదు. అవతల ఆవిడ ఏమైపోతుందోనని.

నొప్పులు తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా లాగాయి. లోపల నేనూ, మంత్రసానీ, మా అత్తగారూ. మూలన కుంపటి, దాని మీద సాంబ్రాణీ, వెల్లుల్లి పొట్టూ. గాలి సోకకుండా తలుపు సందుల్లో పాతగుడ్డలు కుక్కారు. పొగ గది నిండా పరుచుకుంది. మంత్రసాని దగ్గుతూనే నా నడుం పట్టింది. మధ్యమధ్య తలుపు అవతల నుంచి అమ్మ గొంతు. "వదినగారూ, ఒక్క రెక్క తియ్యండి. కొంచెం చాలు."

"గాలి తగులుతుంది వదినగారూ. మీరలా అరుగు మీదకెళ్ళి కూర్చోండి" అంటూ మా అత్తగారు కుంపట్లో ఇంకాస్త సాంబ్రాణి వేసింది.

చివరికి నాకు ఊపిరి ఆడటం మానేసింది. కళ్ళ ముందు నల్లబడింది. నీళ్ళలో మునిగిపోతున్నట్టు అనిపించింది. పిలవకూడదు, పిలిస్తే అవతల ఆవిడ తట్టుకోలేదు అని అంతసేపూ పళ్ళు బిగబట్టిన దాన్ని, ఇక నా వల్ల కాలేదు. "అమ్మా, తలుపు తియ్యమ్మా" అని అరిచాను.

అవతల అమ్మ గొంతు టక్కున ఆగిపోయింది. తర్వాత మొదటి దెబ్బ పడింది. వంటింట్లోంచి రోకలి తెచ్చి కొడుతోంది. మా అత్తగారు కెవ్వుమంది. తలుపు రెక్క చీలి, గడియ ఊడి, వెలుగు లోపలికి వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పైటచెంగు పళ్ళతో పట్టుకుని ఉంది. లోపలికి రాగానే నన్ను చూడలేదు. ముందు తలెత్తి పైకి చూసింది, గది కప్పు కేసి. నాలుగు మూలలూ చూశాక నా మీద కళ్ళు పడ్డాయి. ఆ గదిలోకి రాలేనన్న మనిషి వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుంది.

బిడ్డ ఆ తర్వాత కాసేపటికి పుట్టాడు. మగపిల్లాడు. ఏడవలేదు. తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టారు, చన్నీళ్ళు చల్లారు, చెవి దగ్గర పళ్ళెం మోగించారు. ఏడవలేదు.

గాలి సోకిందని మంత్రసాని అంది. తలుపు బద్దలుకొట్టి గాలిని లోపలికి తెచ్చారని మా అత్తగారు అంది. సాయంత్రానికి వీధంతా అదే మాట. తలుపు తియ్యకముందే వాడు పోయాడో, ఆ పొగకి పోయాడో, నా నొప్పుల్లో నలిగి పోయాడో నాకు తెలియదు. ఆ రోజు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. ఎదిగిన ఆడది ఊపిరాడక కొట్టుకున్న గదిలో, వాణ్ణి చంపింది బయటి నుంచి వచ్చిన గాలేనని అందరికీ అంత గట్టిగా ఎలా తెలిసిందో నాకు అంతకన్నా తెలియదు. మా అత్తగారిని ఈ మాట మొహం మీదే అడిగాను, ఒకసారి కాదు. నా నోరు మంచిది కాదన్న పేరు అప్పుడే వచ్చింది.

కానీ వాళ్ళన్న మాట నమ్మిన మనిషి ఒకరున్నారు. విరిగిన తలుపు పక్కన నిలబడి అమ్మ అంటోంది, "నేనే. నేనే తీశాను." నేను మంచం మీద నుంచి కాదమ్మా, కాదమ్మా అంటూనే ఉన్నాను. ఆవిడ తన చేతులకేసి చూసుకుంటోంది. పొద్దుగూకకముందే పడవ ఎక్కి వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకి, నేను లేచి తిరగగలిగాక, పుట్టింటికి వెళ్ళాను. అమ్మ ఇంట్లో లేదు. పెరట్లో, కొబ్బరిచెట్టు పక్కన, నాలుగు గుంజల మీద నాన్న వేసిన పందిరి కింద ఉంది. చుట్టూ తడికలు కూడా లేవు. వండటం అక్కడే, తినడం అక్కడే, పడుకోవడం అక్కడే. వాన వస్తే తాటాకు గొడుగు పట్టుకుని కూర్చునేది. ఇంట్లోకి రమ్మంటే, "నాకిక్కడ బానే ఉందే" అనేది. తలుపు మూస్తే ఒక బిడ్డ పోయాడు, తీస్తే ఒక బిడ్డ పోయాడు. ఇక తలుపుతో పనే లేని చోటికి వెళ్ళిపోయింది. ఆవిడ ఈ మాట నాతో అనలేదు. తర్వాత మామ్మ మాటలు విన్నాకే నాకు అది అర్థమైంది.

ఆ పందిరి కింద ఇంకో చాప కూడా ఉంది. మామ్మది. జీవితమంతా తలుపులు మూయాలని రాయి తోసిన మనిషి, ఆ ముసలి వయసులో, వానలో, ఎండలో, కోడలి పక్కన చాప వేసుకుంది. ఎవరు చెప్పినా లోపలికి పోలేదట. అమ్మ బట్టలు పిండుకోవడానికి కాలవ రేవుకి వెళ్ళిన ఒక పొద్దున, మామ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు పురిటిగదిలో ఏమని పిలిచేవే?"

"తలుపు తియ్యమ్మా అన్నాను."

మామ్మ చాప పోగులు పీకుతూ చెప్పింది.

"వాడూ అదే అన్నాడే. నీ అన్న. తలుపు కట్టమన్నది నేనే. గాలికి అదే కదా పద్ధతి. మీ అమ్మ కట్టింది. నీళ్ళొస్తాయని ఎవరికి తెల్సు? గుమ్మం కిందనించి వచ్చేసేయి. పిల్లోణ్ణి అటక మీద కూచోబెట్టేం. కొబ్బరితాడు తడిసి ముడి బిగుసుకుపోయింది, రాలేదు. గోడ కరిగిపోయింది. కప్పు అమాంతం లేచి తేలిపోయింది. నేనూ మీ అమ్మా దాని మీద పడ్డాం. ఎలా పడ్డామో నాకు తెలీదు. అటక కప్పుకే కట్టుంటది కదే. మేం పైన, వాడు కింద. తాటాకు కిందనించి పిలిచేడు. తలుపు తియ్యమ్మా, తలుపు తియ్యమ్మా అని. ఇంక తలుపెక్కడిదే? తలుపూ లేదు, ఇల్లూ లేదు. మీ అమ్మ చేత్తో చీలుస్తానే ఉంది. వాడు పిలుస్తానే ఉన్నాడు. కొంతసేపటికి పిలవలేదు."

కప్పు ఒక తాటితోపులో చిక్కుకుని ఆగిందట. రాజమండ్రి నుంచి తిరిగొచ్చిన నాన్న పడవ మీద వెతుక్కుంటూ వచ్చేదాకా ఇద్దరూ దాని మీదే ఉన్నారట. నాన్నే కత్తితో తాటాకు కోసి వాణ్ణి తీశాడట. అప్పటిదాకా అమ్మ కప్పుకి చెవి ఆనించి పడుకునే ఉందట.

"గాలికైతే తలుపు కట్టాలే" అంది మామ్మ. "అదే పద్ధతి. కాదంటావా?"

అత్తగారికి ఎదురుచెప్పిన దాన్ని, మామ్మకి ఎదురుచెప్పలేకపోయాను. ఆవిడ అన్నేళ్ళూ ఆ రాయిని ఎందుకు తోసిందో నాకు అప్పుడు తెలిసింది. తలుపు కట్టడం తప్పయితే మనవణ్ణి తనే చంపుకున్నట్టు. అందుకే అది తప్పు కాకూడదు, ఎన్ని గాలివానలు వచ్చినా ఆ మాట చెప్పుకుంటూనే ఉండాలి. భూతవైద్యుణ్ణి పిలిచింది కూడా అందుకే అయి ఉండాలి. "కాదనను మామ్మా. గాలికి అదే పద్ధతి" అన్నాను. మామ్మ తలూపి, కళ్ళు తుడుచుకుని, అమ్మ వస్తోందేమోనని కాలవ వైపు చూసింది.

మామ్మ ఆ పందిరి కిందే పోయింది. అమ్మ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నాకు మళ్ళీ పిల్లలు పుట్టారు, బతికారు. మా ఇంటి తలుపులకి మంచి గడియలు ఉన్నాయి, నేను వాటిని వెయ్యలేను. మా ఆయన విసుక్కుంటూ లేచి వేస్తాడు. నేను ఉప్పెన చూడలేదు, అన్నయ్యని చూడలేదు, తలుపు కట్టిన ఆ తాడుని చూడలేదు. అయినా తలుపు మూసిన చప్పుడు వినగానే లోపల ఎవరున్నారో చూసుకునేదాకా నాకు కుదురుండదు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. నా కూతురి జడ కూడా వదులుగానే ఉంటుందని ఈ మధ్యే గమనించాను.

అమ్మ ఒక మాఘమాసం పొద్దున, పందిరి కింద, నిద్రలోనే పోయింది. పురోహితుడు గారు పంచాంగం చూసి, ధనిష్ఠా నక్షత్రం అన్నారు. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఇంటికి చేటు, ఇల్లు ఆర్నెల్లు మూసి పాడుపెట్టాలి. మా వైపు అందరూ పాటించేదే.

"ఇల్లు మూయడమేంటండీ? ఆవిడ పోయింది ఇంట్లో కాదు కదా" అన్నాను.

"పెరడైనా ఇల్లేనమ్మా" అన్నారాయన.

మూయడానికి గడియల్లేవు. కర్మకాండ అయ్యాక ఊరివాళ్ళు తుమ్మకంపలూ తడికలూ తెచ్చి వాకిట్లో పడేశారు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. బతికినన్నాళ్ళూ ఆవిడ అడిగింది ఒక్కటే, పోయిన పన్నెండోనాటికి దాన్నీ తీసేస్తున్నారు. తడిక పట్టుకుని ఎవర్నీ గుమ్మం దగ్గరికి రానివ్వకుండా నిలబడ్డాను. ముసలాడైపోయిన నాన్న కర్ర ఆనించుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మూయనీ అమ్మడూ. మీ అమ్మ ఎప్పుడో బయటికొచ్చేసింది. లోపలెవరూ లేరు కదా."

నేను తడిక వదిలేశాను. వాళ్ళు గుమ్మానికి అడ్డం పెట్టబోతుంటే, ఒక్క క్షణం ఆగమని చెప్పి లోపలికి వెళ్ళాను. ముందుగది చూశాను. వంటింట్లో రోలు వెనక చూశాను. కొట్టు గదిలో బస్తాల సందులు చూశాను. ఒక పిల్లి ఉంటే బయటికి తోలాను. నడవాలో నిచ్చెన ఉంది. అది వేసుకుని అటక ఎక్కాను. పాత బుట్టలూ, విరిగిన చేటా, దుమ్మూ ఉన్నాయి. "ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. అడిగి, జవాబు కోసం కాసేపు ఆగాను.

బయటికి వచ్చేసరికి నాన్న గుమ్మం ఎదుటే నిలబడి ఉన్నాడు. తడికలు పట్టుకున్నవాళ్ళని తనే ఆపి ఉంచాడు.

"బాగా చూశావా?" అన్నాడు.

"చూశాను నాన్నా. అటక మీద కూడా చూశాను."

అప్పుడు మూయమన్నాడు.